ఒట్టో స్పైడర్‌మ్యాన్‌గా ఉన్న కాలం

2012 డిసెంబరు 26న అమెరికాలోని కామిక్ పుస్తకాల దుకాణాలకు ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 700వ సంచిక వచ్చింది. దాని చివరి పుటల్లో, స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనుక ఉండే పీటర్ పార్కర్ చనిపోయాడు. చనిపోవడం ఒక్కటే అయితే సూపర్‌హీరో కథలు చదివేవాళ్ళు కొంత బాధపడి, ఎలాగూ తిరిగి వస్తాడులే అని సర్దుకునేవారు. ఇక్కడ జరిగింది అంతకన్నా ఘోరం. చావుకు దగ్గరపడి, జైలు మంచం మీద యంత్రాల సాయంతో ఊపిరి పీల్చుకుంటున్న పాత శత్రువు, డాక్టర్ ఆక్టోపస్ అని పేరుపడ్డ శాస్త్రవేత్త ఒట్టో ఆక్టేవియస్, తన మనసును పీటర్ శరీరంలోకి పంపి, పీటర్ మనసును తన కుళ్ళిపోతున్న శరీరంలో బంధించాడు. ఆ శరీరంతోపాటే పీటర్ చచ్చిపోయాడు. ఆ తరువాత మన కళ్ళ ముందు ఎర్ర ముసుగు వేసుకుని న్యూయార్క్ మేడల మీద ఎగురుతున్నవాడు, యాభై ఏళ్ళుగా స్పైడర్‌మ్యాన్‌ను చంపాలని చూసిన ఒట్టో ఆక్టేవియస్.

ఆ వారం నేను న్యూజెర్సీలో ఉన్నాను. అప్పట్లో నాతోపాటు గది పంచుకున్న వరంగల్ కుర్రవాడు ప్రతి బుధవారం సాయంత్రం కామిక్ దుకాణానికి వెళ్ళి కొత్త సంచికలు తెచ్చుకునేవాడు. ఆ సంచిక అతను బల్ల మీద పెట్టి వెళ్ళినప్పుడు చివరి పుట దాకా తిరగేసి మూసేశాను. ఇక ఆ పత్రిక నాకు అక్కర్లేదని అతనితో గట్టిగానే అన్నాను. అలా అన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. కథ సంగతి ముందే బయటికి పొక్కడంతో అమెరికాలో పాఠకుల కోపం హద్దులు దాటింది. రచయిత డాన్ స్లాట్‌ను చంపుతామని బెదిరించినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక కథ రాసినందుకు మనిషిని అలా బెదిరించడం ఏ రకంగానూ సమర్థించదగినది కాదు. అయినా ఆ కోపం వెనుక ఉన్న మమకారం ఎలాంటిదో నాకు తెలుసు, ఎందుకంటే పీటర్ పార్కర్ నాకూ చిన్ననాటి నుంచీ కావలసినవాడే.

నేను విజయవాడలో పెరిగాను. దూరదర్శన్‌లో వచ్చిన పాత స్పైడర్‌మ్యాన్ బొమ్మల సినిమాతో మొదలైన ఇష్టం, ఆ తరువాత లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల దగ్గరికి నన్ను నడిపించింది. అక్కడ వారపత్రికలూ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాలూ కలిసి పడి ఉన్న గుట్టల్లో, అట్ట చిరిగిపోయిన ఇంగ్లీషు కామిక్ ఒకటి దొరికితే అది ఏ కథలో ఎన్నో భాగమో తెలియకపోయినా కొనుక్కునేవాణ్ణి. ముందు ఏం జరిగిందో, తరువాత ఏం జరగబోతోందో తెలియకుండా మధ్యలో ఒక ముక్క మాత్రమే చదివే ఆ అలవాటు వల్లనేమో, నాకు కథలకంటే మనుషులు ఎక్కువగా గుర్తుండిపోయారు. అద్దె కట్టడానికి డబ్బులు లేని పీటర్, తనను పెంచిన మే పిన్ని మందుల కోసం తాను తీసిన ఫోటోలను తనను తిట్టే పత్రికకే అమ్ముకునే పీటర్, ప్రియురాలు మేరీ జేన్‌తో సినిమాకు వస్తానని చెప్పి ఎవరినో కాపాడబోయి మాట తప్పే పీటర్. సూపర్‌మ్యాన్‌లా పేలిపోయిన గ్రహం నుంచి వచ్చినవాడూ కాదు, బ్యాట్‌మ్యాన్‌లా కోటీశ్వరుడి కొడుకూ కాదు. నెలాఖరులో చేబదులు కోసం తిరిగే మధ్యతరగతి ఇంట్లో పెరిగిన నాలాంటి పిల్లవాడికి అతను ఇంట్లో మనిషిలాగే అనిపించేవాడు. అటువంటివాడి శరీరాన్ని దొంగిలించినవాడి కథను చదివి ఆనందించడమేమిటన్నది నా అభ్యంతరం.

కొత్త పత్రిక ‘ది సుపీరియర్ స్పైడర్‌మ్యాన్’ 2013 జనవరిలో మొదలైంది. రచన స్లాట్‌దే, మొదటి సంచికలకు బొమ్మలు రయన్ స్టెగ్‌మన్ వేశాడు. కొన్ని వారాలపాటు నేను దాని జోలికి పోలేదు. ఒక రాత్రి బయట మంచు పడుతూ ఎక్కడికీ కదలలేని పరిస్థితిలో ఆ కుర్రవాడే, “అన్నా, ఒక్కటి సదివి చూడు. నచ్చకుంటే పక్కన పెట్టెయ్,” అని కొన్ని సంచికలు నా చేతిలో పెట్టాడు. అతని మాట కాదనలేక మొదలుపెట్టినవాణ్ణి, ఆ కట్ట పూర్తయ్యేదాకా దీపం ఆర్పలేదు.

నన్ను ముందుగా పట్టుకున్నది ఒట్టో మనస్తత్వం. 700వ సంచికలో పీటర్ చనిపోయే ముందు చివరి ప్రయత్నంగా తన జ్ఞాపకాలన్నిటినీ ఒట్టో మనసులోకి పంపుతాడు. పీటర్‌ను పెంచిన బెన్ బాబాయి మరణం, గొప్ప శక్తి వెంట గొప్ప బాధ్యత కూడా వస్తుందన్న ఎరుక, పోగొట్టుకున్న ప్రతి మనిషీ ఒట్టోకు తన సొంత అనుభవంలా తగులుతాయి. దాంతో అతను ఇక మీదట స్పైడర్‌మ్యాన్‌గానే బ్రతకాలని నిశ్చయించుకుంటాడు. అయితే అతని అహంకారం ఎక్కడికీ పోలేదు. పీటర్ కంటే తాను మేధావి కాబట్టి పీటర్ కంటే గొప్ప స్పైడర్‌మ్యాన్‌ను అవుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. మంచివాడిగా మారాలన్న కోరికా, అందులో కూడా అందరికంటే పైన ఉండాలన్న పట్టుదలా ఒకే ఊపిరిలో పుట్టిన ఆ క్షణమే ఈ కథకంతటికీ మూలమని నేను అనుకుంటాను.

పరకాయ ప్రవేశం తెలుగువాళ్ళకు కొత్త సంగతి కాదు. మండన మిశ్రుడి భార్య ఉభయభారతి అడిగిన ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం కోసం శంకరాచార్యులు అమరుక మహారాజు మృతదేహంలో ప్రవేశించిన కథ మనం విన్నదే. అందులో నాకు ఎప్పుడూ నచ్చే ఘట్టం ఒకటుంది. రాజు బ్రతికి వచ్చిన తరువాత మునుపటికన్నా ఎంతో మెరుగ్గా ఏలుతున్నాడని గమనించిన రాణీ మంత్రులూ, ఇతను మన రాజు కాడు, ఎవరో మహానుభావుడు అని గ్రహించి, ఆయన తిరిగి వెళ్ళిపోకుండా ఉండేందుకు ఎక్కడ ప్రాణంలేని దేహం కనబడినా దహనం చేయించమని భటులను పంపుతారు. శరీరంలోకి వచ్చినవాడు పాతవాడి కన్నా సమర్థుడైతే ప్రజలు అతన్నే కోరుకుంటారన్న ఆ లోకజ్ఞానం స్లాట్ రాసిన ఈ కథలో కూడా కనిపిస్తుంది. యాభై ఏళ్ళు తన పత్రికలో స్పైడర్‌మ్యాన్‌ను తిట్టిపోసి, అప్పటికి న్యూయార్క్ మేయరుగా ఉన్న జె. జోనా జేమ్సన్ ఈ కొత్త స్పైడర్‌మ్యాన్‌ను మొదట్లో మెచ్చుకుంటాడు. ఒక్క తేడా మాత్రం చాలా పెద్దది. అమరుకుడు అప్పటికే మరణించినవాడు. శంకరులు ఎవరి బ్రతుకునూ లాక్కోలేదు. ఇక్కడ ఇంటి యజమాని ఇంట్లోనే ఒక మూల నక్కి ఉన్నాడు. మొదటి సంచిక ముగింపులోనే ఆ శరీరంలో పీటర్ మనసు తునక ఒకటి మిగిలి ఉందని మనకు తెలుస్తుంది. నేరస్తుడైన బూమరాంగ్‌ను చంపడానికి ఒట్టో ఎత్తిన చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆపినవాడు పీటర్.

ఒట్టో పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. పీటర్ రాత్రంతా ఊరంతా తిరిగి, కనబడిన నేరాన్ని ఆపి, అలసిపోయి ఇంటికి వచ్చేవాడు. ఒట్టో వేల సంఖ్యలో చిన్న యంత్రపు సాలీళ్ళను నగరమంతటా వదిలి, ఎక్కడ ఏం జరుగుతోందో కూర్చున్నచోటి నుంచే చూస్తాడు. పోలీసులు చేయగల పనిని వాళ్ళకు అప్పగించి, తాను మాత్రమే చేయగల పనికి వెళతాడు. సాయంత్రాలు తన కోసం మిగుల్చుకుంటాడు. పీటర్ మధ్యలో వదిలేసిన చదువును పూర్తి చేసి డాక్టరేట్ సంపాదించాలని ఎంపైర్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మళ్ళీ చేరతాడు. పధ్నాలుగో సంచికకు వచ్చేసరికి నలుపెక్కువైన కొత్త దుస్తులు, వీపు నుంచి మొలిచే లోహపు సాలీడు కాళ్ళు, కిరాయి సైనికుల దళం కూడా సమకూర్చుకుని నేర సామ్రాట్టు కింగ్‌పిన్ కోట మీదికే దండెత్తుతాడు. చిన్నప్పుడు పీటర్ కష్టాలు చదివి, ఇతను కాస్త పద్ధతిగా బ్రతికితే ఎంత బాగుండునని అనుకోని పాఠకుడు ఉండడు. ఆ కోరికను ఈ కథ అక్షరాలా తీర్చి చూపించింది. అలా తీర్చడానికి ఎంత మూల్యం చెల్లించాలో కూడా పుట పుటనా లెక్క చూపించింది.

ఆ లెక్కలో మొదటి పద్దు మాసకర్ అనే హంతకుడిది. జోనా జేమ్సన్ భార్య మార్లా చనిపోయినప్పుడు, తన కళ్ళ ముందు ఇక ఎవరినీ చావనివ్వనని పీటర్ ఒట్టు పెట్టుకున్నాడు. అది 2011 నాటి కథ. ‘సుపీరియర్’ ఐదో సంచికలో ఒట్టో ఆ మాటను పక్కన పెట్టి, నిరాయుధుడై నేల మీద పడి ఉన్న మాసకర్‌ను అతని తుపాకీతోనే కాల్చి చంపుతాడు. పీటర్ ఎన్నిసార్లు పట్టుకుని అప్పగించినా హంతకులు తప్పించుకుని వచ్చి మళ్ళీ చంపుతూనే ఉన్నారన్నది ఒట్టో వాదన. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ వాదనకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు. అంత పదునైన ప్రశ్నను పిల్లల పుస్తకాలని అందరూ అనుకునే వాటిలో ఎదురుచూడకపోవడం వల్ల నాకు ఆ రచయిత మీద గౌరవం పెరిగింది.

అయితే ఈ కథలో నన్ను లోతుగా కదిలించినవి ఎనిమిదీ తొమ్మిదీ సంచికలు. వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. కార్డియాక్ అనే వైద్యుడు, ముసుగు వేసుకుని, డబ్బులేని రోగుల కోసం రహస్యంగా ఒక ఆసుపత్రి నడుపుతుంటాడు. అక్కడ మెదడు దెబ్బతిన్న ఒక చిన్నపిల్ల ఉంటుంది. ఆ పిల్లకు ఆ గతి పట్టడానికి కారణం ఒకప్పుడు డాక్టర్ ఆక్టోపస్ ప్రపంచం మీద సాగించిన దాడి. ఆ సంగతి తెలిసిన ఒట్టో, అప్పటిదాకా కార్డియాక్‌తో పోరాడుతున్నవాడల్లా పోరాటం ఆపి, తాను ఒకప్పుడు తయారుచేసిన యంత్రంతో స్వయంగా ఆ పిల్లకు శస్త్రచికిత్స చేస్తాడు. ఆ యంత్రం మెదడులోకి తొంగి చూడగలదు. దానిని వాడితే తన ఉనికి బయటపడిపోతుందని పీటర్ భయపడతాడు. ఆ భయంలో, శస్త్రచికిత్స మధ్యలో ఒట్టో చేతిని ఆపడానికి ప్రయత్నిస్తాడు. ఆగిన చెయ్యి అరక్షణమే. ఆ తరువాత పని పూర్తవుతుంది, పిల్ల బ్రతుకుతుంది, కళ్ళు తెరిచి నవ్వి తన బొమ్మను స్పైడర్‌మ్యాన్‌కు కానుకగా ఇస్తుంది. ప్రతినాయకుడు కరిగిపోయి చిన్నపిల్ల బొమ్మ చేత పట్టుకుని నిలబడిన ఆ ఘట్టం చదివినవాళ్ళు ఎంత కోపంతో మొదలుపెట్టినా కొంత మెత్తబడక తప్పదు.

వెంటనే వచ్చే తొమ్మిదో సంచికలో ఒట్టో అదే యంత్రంతో పీటర్‌ను తన మనసులోంచి తుడిచివేయడానికి పూనుకుంటాడు. ఇద్దరూ మనోలోకంలో తలపడతారు. పీటర్ వైపు అతనికి ప్రియమైనవాళ్ళందరి జ్ఞాపకాలు వచ్చి నిలబడతాయి. చేతులతో చేసే యుద్ధంలో పీటర్‌దే పైచేయి అయ్యేదేమో, కాని ఒట్టో చివరికి ఆ శస్త్రచికిత్స గదిని చూపిస్తాడు. పిల్ల ప్రాణం ఒకవైపు, నీ ప్రాణం ఒకవైపు ఉన్నప్పుడు నువ్వు ఏది కావాలనుకున్నావు అని నిలదీస్తాడు. పీటర్ దగ్గర జవాబు లేదు. అతనిలోని బలమంతా ఆ ఒక్క అపరాధ భావంతో జారిపోతుంది. పాఠకుల కోపం రెండోసారి మిన్నంటింది ఈ సంచికతోనే. నాకు మాత్రం పీటర్ మీద ప్రేమ ఆ పుటల్లోనే మరింత పెరిగింది. అరక్షణం స్వార్థంగా ఆలోచించినందుకు తన ఉనికినే వదులుకునేంత సున్నితమైన మనస్సాక్షి గలవాడు అతను. ఎదుటివాడు ఆ మనస్సాక్షినే ఆయుధంగా వాడుకున్నాడు. ఒట్టోకు పీటర్ జ్ఞాపకాలన్నీ అందాయి గాని, తనను తాను అలా శిక్షించుకునే గుణం అప్పటికింకా అందలేదు.

మనసుకు దగ్గరైన మరో పాత్ర అన్నా మరియా మార్కోని. విశ్వవిద్యాలయంలో ఒట్టోకు పాఠాల్లో సాయం చేయడానికి వచ్చిన పొట్టి మనిషి, గొప్ప తెలివైనది, వంట బాగా చేస్తుంది, ఎవరైనా తన ఎత్తు గురించి వెక్కిరిస్తే తగినట్టు సమాధానం చెప్పగలది. ఒట్టో తన జీవితంలో రూపం కారణంగా ఎన్నో వెక్కిరింపులు పడ్డవాడు. పీటర్ అందమైన శరీరంలో ఉన్నా అతను ఆమెలోని మేధనే ముందు చూస్తాడు. ఆమె వండిపెట్టిన భోజనం ముందు కూర్చుని, లోకాన్నంతా మూర్ఖులని తిట్టే నోటితో మెత్తగా మాట్లాడే ఆ సన్నివేశాలు ఏ పోరాటానికీ తీసిపోవు. మే పిన్నితో అతని వ్యవహారం కూడా అటువంటిదే. 1974 నాటి ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 131వ సంచికలో డాక్టర్ ఆక్టోపస్‌కూ మే పిన్నికీ పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ సంగతి తెలిసిన పాఠకుడికి, ఇప్పుడు ఆమెను పిన్నీ అని పిలుస్తూ కంగారుపడే ఒట్టోను చూస్తే జాలీ ఇబ్బందీ కలిసి కలుగుతాయి.

డాక్టరేట్ వ్యవహారంలో వచ్చే మలుపును నేను ఎప్పటికీ మరచిపోలేను. ఒట్టో సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని పరిశీలించిన ఆచార్యుడు డాన్ లమేజ్, ఒకప్పుడు ఒట్టో ఆక్టేవియస్‌తో కలిసి చదువుకున్నవాడు. ఈ సిద్ధాంతాలు నీవి కావు, ఒట్టో ఆక్టేవియస్‌వి, నువ్వు దొంగిలించావు అని అతను పీటర్ మీద నేరం మోపుతాడు. తన పనిని తానే దొంగిలించానన్న నింద పడ్డ మేధావి, ఆ ఒట్టోను నేనే అని అరిచి చెప్పుకోలేని పరిస్థితి. పరాయి పేరుతో బ్రతకడంలోని శిక్ష ఎలాంటిదో దీనికన్నా సూటిగా చూపించిన ఘట్టాన్ని నేను చదవలేదు. ఆ కుర్రవాడూ నేనూ ఆ సంచిక చదివిన రాత్రి అన్నం చల్లారిపోయేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం. అప్పటికి నేనే బుధవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే స్థితికి వచ్చాను.

నచ్చని భాగాలు లేవని చెప్పను. మేరీ జేన్‌ను మోసపుచ్చి దగ్గరవాలని ఒట్టో చేసిన ప్రయత్నాలు మొదటి సంచికల్లో చదవడానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రచయిత రెండో సంచికలోనే ఆ బంధాన్ని తెంచేశాడు గాని, అసలు ఆ దారిలో అంతదూరం వెళ్ళకుండా ఉండవలసింది. నడుమ కొన్ని సంచికలు సాగదీసినట్టుంటాయి. ఎవెంజర్స్ వంటి మహామహులు తమ స్నేహితుడిలో ఇంత మార్పు చూసి కూడా అంత తేలికగా ఊరుకున్నారంటే నమ్మడం కష్టం. పీటర్ మాజీ ప్రియురాలు, పోలీసు శాఖలో పనిచేసే కార్లీ కూపర్ ఒక్కతే ఆధారాలు కూడదీసి నిజం తెలుసుకోవడం ఈ లోపాన్ని కొంత పూడ్చింది.

ఇక ముగింపు సంగతి. 2014లో వచ్చిన చివరి సంచికల్లో స్పైడర్‌మ్యాన్ మరో పాత శత్రువు గ్రీన్ గాబ్లిన్ నగరాన్ని ఆక్రమిస్తాడు. నగరమంతటినీ చూసే ఒట్టో యంత్రపు సాలీళ్ళు అతన్ని ఎందుకు చూడలేదన్నది నెలల తరబడి పాఠకులను ఊరించిన ప్రశ్న. గాబ్లిన్ గుర్తు ధరించినవాళ్ళెవరూ ఆ యంత్రాల కంటికి కనబడకుండా గాబ్లిన్ ముందే ఏర్పాటు చేసుకున్నాడు. పీటర్ కాళ్ళతో తిరిగేవాడు కనుక ఏదో ఒక సందులో ఆ ముసుగులు అతని కంటపడేవి. ఒట్టో తెరల ముందు కూర్చుని, తెర మీద లేనిది లోకంలో లేదనుకున్నాడు. అన్నా మరియా గాబ్లిన్ చేతికి చిక్కుతుంది. ఒట్టో కట్టుకున్నదంతా ఒక్కొక్కటిగా కూలిపోతుంది. ఆపదలో ఉన్న మనిషి ముందు అతను ఏది సరైన ఎత్తు అని లెక్క వేస్తూ తటపటాయిస్తుంటే, లోపల ఎక్కడో మిగిలిపోయిన పీటర్ తునక ఆలోచన లేకుండానే దూకుతుంది. అది చూసిన తరువాత ముప్ఫైయో సంచికలో ఒట్టో తన మనసును తానే తుడిచేసుకుని శరీరాన్ని పీటర్‌కు తిరిగి ఇచ్చేస్తాడు. తాను ప్రేమించిన స్త్రీని కాపాడగలవాడు పీటరేనని, ఇద్దరిలో గొప్పవాడు పీటరేనని తన నోటితో ఒప్పుకుని మరీ వెళ్ళిపోతాడు. పాఠకులు పదహారు నెలలుగా అరిచి చెబుతున్న మాటను చెప్పడానికి రచయిత ఒట్టోనే ఎంచుకున్నాడు. ఆ మాట కోసమే కథంతా నడిచిందని తెలిసినప్పుడు, మొదట్లో పీటర్‌కు అవమానమనిపించిన ప్రతి పుటా అతనికి జరిగిన సన్మానంలా కనిపించింది.

ముప్ఫై ఒకటో సంచికలో పీటర్ తిరిగి వచ్చి గాబ్లిన్ ముందు నిలబడి ఎప్పటిలాగే ఒక హాస్యం విసురుతాడు. ఆ హాస్యం విని, ఇతను అసలువాడేనని గాబ్లిన్ గుర్తుపడతాడు. నేను పుస్తకం పట్టుకుని పెద్దగా నవ్వాను. ఎంతో కాలానికి ఇంటికి వచ్చిన మనిషి గొంతు గుమ్మంలో విన్నట్టయింది. అదే నెలాఖరులో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ మళ్ళీ ఒకటో సంచికతో మొదలైంది. పీటర్‌కు ఇప్పుడు డాక్టరేట్ ఉంది, సొంత కంపెనీ ఉంది, ఇంట్లో తనను ప్రేమిస్తున్నాననుకుంటున్న ఒక స్త్రీ కూడా ఉంది. ఏదీ అతను సంపాదించినది కాదు. అన్నా మరియాకు నిజం చెప్పవలసిన బాధ్యత కూడా అతని మీదే పడింది.

ఆ విషయంలో మా గదిలో పెద్ద వాదనే జరిగింది. వెళ్ళిపోయే ముందు ఒట్టోయే ఆమెకు నిజం చెప్పి ఉండవలసిందని నా అభిప్రాయం. ఒకరి పేరుతో ఆమె ప్రేమను తీసుకున్నవాడు ఆ బాకీ పీటర్ నెత్తిన వేసి పోవడం న్యాయం కాదు. ఆ కుర్రవాడు ఒప్పుకోలేదు. “చెప్పుకుంట కూసుంటే ఆమె ప్రాణం పోతుండె గద అన్నా, ఆయన లెక్కలెయ్యకుండ చేసిన పని అదొక్కటే,” అన్నాడు. ఇప్పుడతను కాలిఫోర్నియాలో ఉన్నాడు, ఆ సంచికలన్నీ అతని దగ్గరే ఉన్నాయి. ఎప్పుడు ఫోన్ చేసినా ఈ మాట ఏదో ఒక రకంగా వస్తూనే ఉంటుంది. నేను నా మాట మీదే ఉన్నాను, అతను అతని మాట మీదే ఉన్నాడు.